అమ్మమ్మ చేతిలో నిమ్మకాయ

మా అమ్మమ్మకు కారు పడేది కాదు. జనగామ నుంచి ఏ ఊరికి బయలుదేరినా ఆమె చేతిలో ఒక నిమ్మకాయ, కొంగున ముడేసుకున్న రెండు ప్లాస్టిక్ కవర్లు ఉండాల్సిందే. బండి ఆలేరు చేరకముందే నిమ్మకాయ ముక్కు దగ్గరికి వచ్చేది. భువనగిరి గుట్ట కనిపించే సరికి ఎక్కడో ఒకచోట ఆపక తప్పేది కాదు. పెళ్లికి వెళ్లాలంటే ముందురోజు రాత్రి నుంచే అన్నం మానేసేది. ఇంట్లో అందరం దాన్ని షుగరు, బీపీల్లాగా ఒక జబ్బు కింద లెక్కేసి వదిలేశాం.

అయితే మా మామ అంబాసిడర్ తోలినప్పుడు మాత్రం ఆమెకు ఏమీ అయ్యేది కాదు. ఈ సంగతి మాలో ఎవరూ చాలా ఏళ్లు గమనించలేదు. మామ ఒక ఆఫీసులో డ్రైవరు. సొంతానికి పాత డీజిల్ అంబాసిడర్ ఒకటి ఉండేది. లోపలంతా డీజిల్ వాసన. వెనక కిటికీ అద్దం సగమే దిగేది. సీటు కింది స్ప్రింగులు నడుముకు తెలిసేవి. చుట్టాల కొత్త కార్లలో ఏసీ ఉండేది, సీట్లు మెత్తగా ఉండేవి. వాటిలో ఆమెకు వాంతులు. మామ బండిలో యాదగిరిగుట్ట దాకా నిద్ర. నిమ్మకాయ ఒడిలోనే ఉండిపోయేది.

డ్రైవింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో మామను అడిగాను, ఇదేంటి అని. "అమ్మకు కారు పడుడు, పడకపోవుడు ఏం లేదు అల్లుడా. తొక్కే కాలు పడుతలేదు" అన్నాడు.

నాకిప్పుడు 44 ఏళ్లు. కార్లంటే పిచ్చి. వెనక నుంచి వచ్చే బండి మోత విని అందులో ఏ ఇంజనుందో చాలాసార్లు చెప్పగలను. చౌమహల్లా ప్యాలెస్‌కు ఎప్పుడు వెళ్లినా, నిజాం కోసం చేయించిన ఆ 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు అరగంటైనా నిలబడకుండా రాలేను. జూపార్కు దగ్గర బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్తాను. బూటు ఆకారంలో, బర్గర్ ఆకారంలో, లిప్‌స్టిక్ ఆకారంలో చేతితో తయారు చేసిన కార్లవి, రోడ్డు మీద నడిచేవే. ఒక మనిషి ఇష్టం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. సినిమా పిచ్చి కూడా ఇంతే ఉంది. సంధ్య థియేటర్లో ఫస్ట్ డే చూడకపోతే సినిమా చూసినట్టే అనిపించని వయసు నాకూ ఉండేది. ఈ రెండు ఇష్టాలూ ఒకే మనిషిలో ఉన్నాయి కాబట్టే చాలాకాలంగా ఒక బాధ కూడా ఉంది. మన సినిమాలు కారు నడపడం అంటే ఏమిటో మనకు ఒక్కసారి కూడా చూపించలేదు.

ఇన్ని వందల కార్లు చూపించాక ఇదేం మాట అనొచ్చు. గుర్తు తెచ్చుకోండి. కారు వచ్చి ఆగుతుంది. దుమ్ము లేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. ముందు బూటు కనిపిస్తుంది, కాలు నేల మీద పడుతుంది, కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. థియేటర్లో కాగితాలు ఎగురుతాయి. నా వయసు వాళ్లంతా ఈ షాట్‌ను ఎన్నిసార్లు చూసుంటామో. అందులో కారుకున్న పని ఒక్కటే, హీరో దిగడం. మన సినిమాల్లో కారు దిగడానికే ఉంది. దాన్ని అక్కడిదాకా ఎవరు తెచ్చారు, ఎలా తెచ్చారు అన్నది కథలో లేదు. ఆలోచిస్తే చౌమహల్లాలోని ఆ రోల్స్ రాయిస్ కూడా అలాంటిదే. దాని వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, ఊరేగింపులో రాజు జనానికి కనబడాలి కాబట్టి. కారంటే కనబడటానికి అన్న ఆలోచన మన ఊళ్లో వందేళ్ల కిందటే ఉంది. సినిమా దాన్ని ఇంటింటికీ పంచింది.

కారు నడుస్తూ కనిపించే సీన్లున్నాయి కదా అంటే, వాటి సంగతి ఇంకా కష్టం. హీరో స్టీరింగ్ పట్టుకుని, పక్కన కూర్చున్న హీరోయిన్ కళ్లలోకి చూస్తూ పూర్తిగా ఒక డైలాగ్ చెబుతాడు. ఒక్కోసారి పాట మొత్తం అలాగే సాగుతుంది. అతను రోడ్డు వైపు చూడాల్సిన అవసరం లేదు, ఎందుకంటే ఆ కారును అతను నడపడం లేదు. ఆ కారును ట్రాలీ మీదకెక్కించి ముందు నుంచి ట్రక్కుతో లాగుతారు. లేదంటే స్టూడియోలో నిలబెట్టి చుట్టూ గ్రీన్ మ్యాట్ కడతారు, కిటికీలోంచి కనిపించే రోడ్డు తర్వాత వస్తుంది. అంటే మనం కారు నడపని మనిషిని చూసి కారు నడపడం నేర్చుకున్నాం. నిజం రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. పక్క సీటు వైపు ఐదు సెకన్లు చూస్తే 80 మీటర్లు దాటి కళ్లు మూసుకుని నడిపినట్టే. ఇప్పుడు ఆ చూపు ఫోను వైపు తిరిగింది. అలవాటు మాత్రం అదే.

సుమోల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఆ బండికి అన్యాయం జరిగిందని నా నమ్మకం. టాటా సుమో 1994లో వచ్చింది. ఆ కంపెనీని ఎన్నో ఏళ్లు నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని తొలి అక్షరాలు కలిపి దానికా పేరు పెట్టారు. వెనక ఎదురెదురు సీట్లతో పదిమంది పట్టే బండి. మా వాడకట్టులో ఎవరికైనా రాత్రిపూట నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లింది సుమో. తిరుపతి మొక్కు తీర్చింది సుమో. పొద్దున బడిపిల్లల్ని ఎక్కించుకుని, మధ్యాహ్నం పెళ్లివారి సామాన్లు మోసింది కూడా అదే. కానీ 'సుమో' అనగానే తెలుగువాడి కళ్ల ముందు కదిలేది కత్తులు పట్టుకున్న మనుషులతో వరసగా వచ్చే తెల్ల బండ్లు, తర్వాత గాల్లోకి లేచి పేలిపోయే బండ్లు. ఆ ఫ్యాక్షన్ సినిమాల కాలంలో ఎన్ని సుమోలు గాల్లోకి లేచాయో లెక్క లేదు. బండి అలా లేవాలంటే కింద దాచిన ర్యాంపు మీదికి ఎక్కించాలి, లేదా గ్యాస్ ఒత్తిడితో కింది నుంచి తన్నించాలి. పేలాలంటే పేలుడు మందు పెట్టాలి. సుమోలో పోసేది డీజిల్. పెట్రోలు ఆవిరి చలిలో కూడా నిప్పురవ్వకు అంటుకుంటుంది. డీజిల్ అలా అంటుకోవాలంటే దానికి ముందు 50 డిగ్రీలు దాటిన వేడి తగలాలి. నిజం ప్రమాదంలో బండి బాంబులా పేలదు. నిజం ప్రమాదంలో లోపలి మనుషులు బండి వేగంతోనే ముందుకెళ్లి స్టీరింగ్‌కో, ముందు సీటుకో, అద్దానికో గుద్దుకుంటారు. సీటు బెల్టు ఆపేది దాన్నే. సినిమా మనకు మంటలంటే భయం పెట్టింది, గుద్దుకోవడమంటే భయం పెట్టలేదు. అందుకే బెల్టు పెట్టుకోకుండానే బీప్ ఆపేసే ఉత్తుత్తి బకిల్ ముక్కలు దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయాయి. 2023లో కేంద్రం కలగజేసుకుని ఆన్‌లైన్ దుకాణాల నుంచి వాటిని తీయించాల్సి వచ్చింది. ప్రాణం కాపాడే వస్తువుకు అడ్డుపుల్ల వేయడానికి డబ్బులు పెట్టి కొనుక్కున్నాం మనం. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపులో తిప్పుతుంది.

"సినిమాను సినిమాలా చూడాలి, దాన్ని చూసి ఎవరైనా నేర్చుకుంటారా" అని నా స్నేహితులు వాదిస్తారు. నేర్చుకుంటారు. క్షౌరశాలకు వెళ్లి హీరో ఫొటో చూపించి కటింగ్ చేయించుకున్నవాళ్లం మనం. చొక్కా గుండీలు, మీసం మెలి, ఫోను రింగ్‌టోను, పిల్లల పేర్లు, పెళ్లిలో సంగీత్, అన్నీ సినిమా నుంచే వచ్చాయి. అన్నీ నేర్పిన సినిమా డ్రైవింగ్ దగ్గర మాత్రం ఏమీ నేర్పకుండా ఆగిపోతుందా? ఓవర్‌టేక్ చేయడం అంటే గెలవడం అని నేర్పింది. మనల్ని దాటిపోయినవాడు మనల్ని అవమానించాడని నేర్పింది. హారన్ అంటే "నేనొస్తున్నా, తప్పుకో" అని నేర్పింది. ఎదురుగా వచ్చేవాడి కళ్లలో హై బీమ్ కొట్టడం కూడా ఆ బడిలో చదువే. కిటికీలకు నల్ల ఫిల్ములు సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. ఇప్పటికీ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎన్ని కనిపిస్తాయో చూడండి. లోపల ఎవరో గొప్పవాడున్నాడు అనిపించాలి, అంతే. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 9999 నంబరు పాతిక లక్షలు దాటింది. ఎవరి డబ్బు వాళ్లిష్టం, నేను కాదనను. కానీ అరిగిపోయిన టైర్ల మీద ఫ్యాన్సీ నంబరుతో తిరిగే బండ్లను మా పార్కింగ్‌లోనే చూస్తున్నాను. నంబరు పదిమందికీ కనిపిస్తుంది, టైరు అరుగుదల కనిపించదు.

ఇప్పుడు సినిమా చేసే పనిని రీల్స్ అందుకున్నాయి. రాయదుర్గం నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద వారాంతపు రాత్రుళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద తెల్లవారుజామున, ఒకడు నడుపుతుంటే ఇంకొకడు సన్‌రూఫ్‌లోంచి లేచి వీడియో తీస్తుంటాడు. ఆ పిల్లల్ని తిట్టాలని నాకు లేదు. వాళ్లకు కారంటే ఇష్టం, నాకూ ఇష్టమే. ఆ ఇష్టాన్ని చూపించడానికి వాళ్లకు తెలిసిన భాష అదొక్కటే. వేరే భాష వాళ్లకెవరూ నేర్పలేదు.

ఒకరు ప్రయత్నిస్తున్నారు. జూనియర్ ఎన్టీఆర్ సినిమా ఫంక్షన్లకు వెళ్లినవాళ్లకు తెలుసు, ఆయన ప్రసంగం ఎలా మొదలైనా చివర్లో ఒక మాట తప్పకుండా వస్తుంది. జాగ్రత్తగా ఇంటికెళ్లండి, మీ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లున్నారు అని. అది మామూలుగా చెప్పే మాట కాదు. 2009 మార్చిలో ఎన్నికల ప్రచారం నుంచి తిరిగొస్తూ ఆయన సూర్యాపేట దగ్గర ప్రమాదంలో గాయపడ్డారు. అన్న జానకిరామ్ 2014 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. తండ్రి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర తనే కారు నడుపుతూ ప్రమాదంలో పోయారు. మూడూ హైదరాబాద్ నుంచి కోస్తా వైపు వెళ్లే దారి చుట్టుపక్కలే. ఆ ఇంటి మనిషి వేదిక మీద నిలబడి అభిమానుల్ని బతిమాలుతుంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. ఆ మాటకు థియేటర్ బయట అంత బలముంటే, కథలోపల ఎంత ఉంటుందో! హీరో బండెక్కి బెల్టు పెట్టుకోవడం, అద్దం సర్దుకోవడం రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు ఒక పెద్ద హీరో తెర మీద చేస్తే, వంద సేఫ్టీ వారోత్సవాలు చేయలేని పని అవుతుందని నా గట్టి నమ్మకం.

మంచి డ్రైవింగ్‌ను తెర మీద చూపించడం కష్టమని తెలుసు. అది కనిపించని విద్య. బాగా నడిపితే ఏమీ జరగదు. ఏమీ జరగని దాన్ని ఎలా చూపిస్తారు? అయినా అది ఎంత గొప్ప విద్యో చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నాకు కార్లలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

కారు నేలను తాకేది నాలుగే చోట్ల. ఒక్కో టైరు దగ్గర మహా అయితే ఒక అరచేయంత మేర. మనం చేసే ప్రతి పనీ, ఆగడం, తిరగడం, ఎత్తుకోవడం, ఆ నాలుగు అరచేతుల మీదే జరగాలి. బ్రేకు తొక్కితే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది, వెనక టైర్లకు తగ్గుతుంది. ఉన్న పట్టు అంతా బ్రేకుకే ఖర్చు చేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. అందుకే మలుపులోకి వెళ్లాక బ్రేకు తొక్కడం తప్పు, ముందే తగ్గించుకుని వెళ్లాలి. ఇది రేసింగ్ పుస్తకాల్లో ఉండే విషయం. మామ ఏ పుస్తకమూ చదవలేదు. బోడుప్పల్ అవతల ఖాళీ లేఅవుట్లో, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డున్న ఆ అంబాసిడర్‌లో నన్ను కూర్చోబెట్టి ఇదే చెప్పాడు. "మలుపుల బ్రేకు తొక్కకు. తొక్కేదుంటే ముందే తొక్కు. మలుపుల బండి నిమ్మళంగ ఉండాలె." ఆ బండి బ్రేకులు ఇప్పటి వాటిలాగా వేసిన వెంటనే పట్టేవి కావు. దూరం నుంచే చూసుకుని, ఆలోచించి వేయాలి. ఆ బండి చూపును దూరానికి అలవాటు చేసింది.

రెండో పాఠం ఆగడం. అందరూ బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగేదాకా కాలు అలాగే ఉంచుతారు. ఆఖర్న తలలు ఒక్కసారి ముందుకొచ్చి వెనక్కి పోతాయి. ఒరిగిన స్ప్రింగులు ఒక్కసారి వెనక్కి లేవడం వల్ల వచ్చే కుదుపది. బండి ఆగడానికి ఒక అడుగు ముందు పెడల్‌ను కొద్దిగా వదిలితే ఆ కుదుపు రాదు. ఎప్పుడు ఆగిందో లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు. నేను లైసెన్సు తీసుకునే ముందు ఒక డ్రైవింగ్ స్కూల్లో కూడా చేరాను. నెలరోజుల్లో ఒక్కరోజు కూడా ఎవరూ ఈ ముక్క చెప్పలేదు. పరీక్షలో ఎనిమిది ఎలా తిప్పాలో, హెచ్ ట్రాకులో వెనక్కి ఎలా పోవాలో నేర్పారు. అద్దం ఎందుకు చూడాలో కూడా చెప్పలేదు.

అమ్మమ్మ వాంతుల సంగతి కూడా ఇక్కడే ఉంది. లోపలి చెవికి ఒక కదలిక తెలుస్తుంది, కంటికి ఇంకొకటి కనిపిస్తుంది, రెండూ కలవకపోతే కడుపులో తిప్పుతుంది. అన్ని ఊగిసలాటల్లోనూ మనిషిని ఎక్కువ ఇబ్బంది పెట్టేది దాదాపు ఐదు సెకన్లకోసారి వచ్చే ఊపు. మన సిటీ ట్రాఫిక్‌లో ఎక్సలేటర్ తొక్కి, వెంటనే బ్రేకు తొక్కి, మళ్లీ ఎక్సలేటర్ తొక్కే లయ సరిగ్గా దాని చుట్టుపక్కలే ఉంటుంది. నడిపేవాడికి ఏమీ కాదు, తర్వాత ఏం జరగబోతోందో వాడికి ముందే తెలుసు కాబట్టి. వెనక కూర్చుని, ముందు సీటు తప్ప ఏమీ కనిపించని ముసలామెకు ప్రతి బ్రేకూ చెప్పకుండా వచ్చిందే. కాబట్టి మామ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. తొక్కే కాలు పడలేదు. ఈమధ్య ఎలక్ట్రిక్ క్యాబుల్లో కడుపులో తిప్పుతోందని చాలామంది అంటున్నారు. అక్కడా తప్పు బండిది కాదు. కాలు తీయగానే మోటారే బ్రేకు వేసే బండిలో, కాలును మెల్లగా తీయడం నేర్చుకోవాలి.

వేగంగా పోవడం ఇష్టమైనవాళ్లకు ఇదంతా ముసలివాళ్ల కబురు అనిపిస్తే, 2023 ఫిబ్రవరి 11ను గుర్తు చేస్తాను. ఆ రోజు హుస్సేన్ సాగర్ పక్కన, సెక్రటేరియట్, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. మనం రోజూ బస్సెక్కే రోడ్ల మీద, దాదాపు 2.8 కిలోమీటర్ల ట్రాకు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి చూశాను. ఆ కార్లు గంటకు 300 కిలోమీటర్లు దాటగలవు. వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు, మోటారే వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం అలా తిరిగి సంపాదించిందే. కాబట్టి అక్కడ గెలిచేవాడు అందరికన్నా గట్టిగా తొక్కేవాడు కాదు. మలుపుకు ముందే కాలు తీసి, బండిని దొర్లనిచ్చి, ఎంత శక్తి మిగిలిందో లెక్క చూసుకుంటూ పోయేవాడు. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. చివరి ల్యాపుల్లో వెనక నిక్ క్యాసిడీ తరుముతున్నా తొణకలేదు. జాగ్వార్ జట్టువి రెండు కార్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని రేసులోంచి వెళ్లిపోయాయి. నా పక్కన నిలబడ్డ కుర్రాళ్లు ఇంజను మోత లేదని నిరాశపడ్డారు. నాకు మాత్రం, ప్రపంచంలో అందరికన్నా వేగంగా నడిపేవాళ్లు కూడా కాలు ఎప్పుడు తీయాలో తెలిసినవాళ్లే అని కళ్లారా చూసిన రోజది. మరుసటి ఏడాది ఆ రేసు రద్దయింది. మళ్లీ రావాలని నా కోరిక.

"హైదరాబాద్ రోడ్ల మీద ఇదంతా ఎలా కుదురుతుంది? ఆటో కట్ కొడతాడు, బైకు రాంగ్ రూట్లో వస్తుంది, గుంత ఎక్కడుందో తెలియదు" అంటారు. నేను రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్లి వస్తాను, వానాకాలంలో కూడా. ముందు బండికీ మనకూ మధ్య రెండు సెకన్ల ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరుతాడు. దూరనివ్వండి. మళ్లీ వదలండి. పంజాగుట్ట దాటేలోపు అలా పదిమంది దూరినా మనకు పోయేది పది బండ్ల పొడవు, అంటే ఒక్క సిగ్నల్ కూడా కాదు. బదులుగా బ్రేకు తక్కువ పడుతుంది, క్లచ్ ఎక్కువ కాలం వస్తుంది, ఇంటికెళ్లాక మోకాలు నొప్పి ఉండదు, టెన్షన్ ఉండదు. నా బండికి క్లచ్ ప్లేట్లు లక్ష కిలోమీటర్లు దాటాక మార్చాను. మెకానిక్ రెండుసార్లు అడిగాడు, నిజంగా సిటీలోనే నడిపారా సార్ అని. ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఖాళీ రోడ్డు దొరికినప్పుడు ఇంకా కష్టం. ఓఆర్‌ఆర్ 158 కిలోమీటర్లు, వేగ పరిమితి 120. నాకూ అక్కడ నడపడం ఇష్టం. కానీ 60లో ఉన్నప్పుడు, ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లి బండి ఆగేలోపు దాదాపు 45 మీటర్లు పోతాం. 120లో రెండింతలు కాదు, దాదాపు 130 మీటర్లు. ఎందుకంటే వేగం రెండింతలైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఈ లెక్క పదో తరగతి ఫిజిక్స్‌లో అందరం చదివాం. మలుపులోనూ అంతే. వేగం రెండింతలైతే బండిని బయటికి నెట్టే బలం నాలుగింతలు. 2019 నవంబరులో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ప్రారంభమై మూడు వారాలు కాకముందే, 40 పరిమితి ఉన్న ఆ మలుపులో ఒక కారు దాదాపు 100 వేగంతో వచ్చి గోడ దాటి కింద పడింది. కింద ఫుట్‌పాత్ మీద ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆమె ఏ కారులోనూ లేదు. ఆ ఫ్లైఓవర్ కింద నుంచి వెళ్లినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

మనకు తోలడం అని ఒక మాట ఉంది, నడపడం అని ఇంకో మాట ఉంది. తోలేది ఎడ్లను, వెనక నుంచి, చేతిలో ములుగర్రతో. నడపడం అంటే నడిచేలా చేయడం. ఇల్లు నడపడానికీ, బడి నడపడానికీ, బండి నడపడానికీ ఒకటే మాట పెట్టుకున్న భాష మనది. మా మామ జీవితాంతం "బండి తోలుడు" అనే అన్నాడు. కానీ ఆయన చేసింది నడపడమే. అలాంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆర్టీసీలో ఏళ్లకేళ్లు ఒక్క ప్రమాదమూ చేయని డ్రైవర్లుంటారు. కోఠిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ గుంపులోంచి అంత పొడవు బస్సును, నిలబడ్డ యాభైమందిని పడేయకుండా తీసుకెళ్తారు. వాళ్లకు సన్మానం చేస్తే జిల్లా పేజీలో చిన్న ఫొటో వస్తుంది. అలాంటి ఒక డ్రైవరు హీరోగా ఒక పెద్ద సినిమా రావాలి. ఫైట్లు పెట్టుకోనివ్వండి, పాటలు పెట్టుకోనివ్వండి. అతను బ్రేకు వేసే పద్ధతిని ఒక్కసారి క్లోజప్‌లో చూపించండి. మొదటి రోజు మొదటి ఆట నేను ఉంటాను.

మొన్న కార్తీక మాసంలో అమ్మను శ్రీశైలం తీసుకెళ్లాను. అమ్మమ్మ పోయాక నిమ్మకాయ అమ్మ చేతికి వచ్చింది. ఆమెకూ కారు పడదని ఇంట్లో అందరి నమ్మకం. తుక్కుగూడ దాటి, కడ్తాల్, ఆమనగల్లు మీదుగా వెళ్లి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగాం. "ఇంకెంత దూరంరా" అని రెండుసార్లు అడిగింది. నిమ్మకాయ గుప్పిట్లోనే ఉంది. అడవిలోకి వచ్చాక కోతుల్ని చూస్తూ ఏదో మాట్లాడింది. వటవర్లపల్లి దాటాక మాట ఆగిపోయింది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో నేను బండిని రెండో గేరులో వేసి, బ్రేకు మీద కాలు ఎక్కువసేపు ఉంచకుండా దిగుతున్నాను. మొదటి పెద్ద మలుపులో వెనక నుంచి ఏదో దొర్లిన చప్పుడు వినిపించింది. నిమ్మకాయ. చేతిలోంచి జారి కింద పడినట్టుంది. మలుపు ఎడమకు తిరిగితే అది కుడి తలుపు దాకా వెళ్లి టక్కుమంది. మళ్లీ కుడికి తిరిగితే ఎడమ తలుపు దాకా వచ్చింది.

తర్వాతి మలుపుకు ఇంకొంచెం ముందే తగ్గించాను. స్టీరింగ్ ఇంకొంచెం మెల్లగా తిప్పాను. నిమ్మకాయ దొర్లింది కానీ తలుపు దాకా పోలేదు. ఎదురుగా ఎక్కుతున్న బస్సుకు దారివ్వడానికి పక్కకు ఆపాను, ఆఖరి అడుగులో పెడల్ వదులుతూ. చప్పుడు రాలేదు. అక్కడి నుంచి కింది వంతెన దాకా నేను ఆ నిమ్మకాయను వింటూనే నడిపాను. వంతెన మీద నది గాలికి అమ్మ లేచి, చేయి చూసుకుని, సీటు కింద వెతుక్కుంది.

మధ్యాహ్నం సత్రంలో భోజనాల దగ్గర ఆ నిమ్మకాయను కోయించి, సగం నాకిచ్చి, సగం తన పప్పులో పిండుకుంది.